కారు వెనక పడవ, పడవ వెనక బరువు

పడవ పద్నాలుగు అడుగులు. నా కారు పన్నెండు. ఈ రెండు అంకెలూ విని మా మరిది, "అయితే పడవకే కారు కట్టాలి వదినా, మీరు తిరగేసి చెప్తున్నారు" అన్నాడు.

నేను నవ్వలేదు. పొడవు లాగరు, బరువు లాగుతారని చెప్పి కాగితం చూపించాను. పడవ నూట నలభై కిలోలు, దాని మోటారు నలభై, కింద రెండు చక్రాల ట్రైలరు నూట పది. మొత్తం రెండు వందల తొంభై. నా చిన్న కారుకి నేను పెట్టిన హద్దు మూడు వందల పాతిక. అంటే ఇంకా ముప్పై ఐదు కిలోలు మిగులు. గుడివాడలో ముప్పై నాలుగేళ్ళు పిల్లలకి లెక్కలు చెప్పినదాన్ని. నా కాగితాల్లో కొట్టివేతలు ఉండవు.

డెబ్భై ఒకటో ఏట నాకు పడవెందుకని చాలామంది అడిగారు. మా అక్క కోసం. అక్కకి డెబ్భై ఆరు. నాగాయలంక రేవులో ఎక్కి కృష్ణ దాటితే వచ్చే లంకలో ఉంటుంది. రాకపోకలకి పంటు ఉంది. రెండు పడవలు కలిపి పైన బల్లలు పరిచినది. మనుషులూ మోటారు సైకిళ్ళూ దాని మీదే దాటాలి. దాని అంచు ఎత్తు. ఇరవై ఆరు నెలల క్రితం అక్క ఎక్కబోయి జారింది. ఎముక విరగలేదు గానీ మోకాలు మొండికేసింది, ఆమె దానికంటే మొండికేసింది. "నేనిక లంక దాటను. చూడాలనుకున్నవాళ్ళు మీరే రండి" అంది. మా ఇంట్లో పెళ్ళికి రాలేదు, క్రిస్మస్ ఆరాధనకి రాలేదు. ఇంకొన్నాళ్ళు ఇలాగే ఊరుకుంటే ఆ మాట నిజమైపోతుందని నాకు భయం పట్టుకుంది.

బందరు దగ్గర ఒకాయన రొయ్యల చెరువులు మానేసి సామాను అమ్ముతుంటే చూడ్డానికి వెళ్ళాను. అతని ఫైబరు పడవకి మేత బస్తాలు ఎక్కించడానికి వీలుగా ఒక పక్క అంచు కిందికంటా కోసి, మెట్టు పెట్టించి ఉంది. స్కేలుతో కొలిచాను. అక్క ఇంటి వంటగది గడప కంటే రెండు అంగుళాలు తక్కువ. అప్పటికప్పుడు కొనేశాను. ట్రైలరు దాంతో పాటే వచ్చింది. కారుకి కొక్కెం గుడివాడలో వెల్డింగు చేయించాను.

అక్కకి ఫోన్ చేశాను. "శనివారం పదకొండింటికి నీ రేవులో ఉంటాను. పోటు అప్పుడే నిండుతుంది. పడవ నీ మెట్టుకి ఆనుతుంది. గడప దాటినట్టు దాటి కూర్చో."

"కారు వెనకాల పడవ కట్టుకొస్తావా? నువ్వొచ్చినప్పుడు చూద్దాంలే" అంది.

శుక్రవారం సాయంత్రం బందరులో మా మరిది ఇంటి ముందు చివరి తూకం వేశాను. కారుకి తగిలించే ఇనప కడ్డీని, మా నాన్న ఎడ్లబండికైతే నొగ అనేవాడు, ఒళ్ళు తూచుకునే మిషను మీద ఆనించాను. ముప్పై కిలోలు. మొత్తంలో పదోవంతు కంటే ఒక్క కిలో ఎక్కువ, అంతే ఉండాలి. "ఇక ఈ పడవలో ఎవరూ ఏమీ పెట్టకండి" అని వీధి వీధంతా వినేలా చెప్పాను. అందరూ విన్నారు. కానీ మా వైపు దివిసీమకి వెళ్ళే బండి ఖాళీగా వెళ్ళడమనేది లేదు. ఖాళీ బండి కనిపిస్తే ఎవరికో ఏదో పంపాలని గుర్తుకొస్తుంది. డెబ్భై ఒక్క ఏళ్ళు ఈ వైపే బతికి, ఆ ఒక్క సంగతీ నా కాగితంలో రాసుకోలేదు.

శనివారం పొద్దున ఎనిమిదింటికి బయల్దేరాలి. మా తోడికోడలు ప్రార్థన మొదలుపెట్టింది. "ప్రభువా, ఈ వాహనమును, ఈ వాహనము వెనుక వచ్చుచున్న వాహనమును, రెంటి నడుమనున్న ఆ కొక్కెమును నీ చేతికి అప్పగించుచున్నాము..." కొక్కెం దాకా వచ్చింది కదా, అయిపోయిందనుకున్నాను. నాలుగు టైర్లనూ, ఆపైన ట్రైలరు టైర్లనూ కూడా విడివిడిగా అప్పగించింది. ఎనిమిదీ తొమ్మిదికి ఆమెన్.

మా మరిది ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. స్టీరింగు పట్టుకోగానే ముప్పై ఏళ్ళు వెనక్కి వెళ్ళిపోయాడు. బస్టాపు కనిపిస్తే కాలు దానంతటదే బ్రేకు మీదికి పోతోంది. అక్కడ నిలబడ్డవాళ్ళు కారునీ పడవనీ చూసి నోరు తెరుస్తుంటే, "ఎక్కండి, ఎక్కండి, వెనకాల ఖాళీయే!" అని అరిచేవాడు.

ఊరు దాటగానే సైకిలు మీద వెళ్తున్న ఒక పెద్దాయన మాకు సమంగా తొక్కుతూ, "ఏవండీ, తుపానేమన్నా చెప్పారా?" అని అడిగాడు.

"సాయంత్రానికండీ!" అన్నాడు మా మరిది.

అది విని రోడ్డు పక్కన ఇంటావిడ దండెం మీద బట్టలు తీసెయ్యడం అద్దంలో కనిపించింది. కారు ఆపించాను. అతన్నే దింపి, వెనక్కి పంపి, ఉత్తదేనని చెప్పి రమ్మన్నాను. తిరిగొచ్చి కూర్చుని, "బట్టలు మళ్ళీ నన్నే ఆరెయ్యమంది వదినా" అన్నాడు. ఆరేసే వచ్చాడట. అప్పుడు మాత్రం నవ్వాపుకోలేకపోయాను. చల్లపల్లి దాకా నవ్వుతూనే ఉన్నాను, పక్కటెముకలు నొప్పెట్టాయి.

చల్లపల్లిలో టీ తాగుదామన్నాడు. అక్క మోకాలికి మందు కొనాలని నేను మెడికల్ షాపుకి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి అతని పక్కన అతని బావ వరసాయన నిలబడి ఉన్నాడు. ఇద్దరి ముఖాలూ పరీక్షలో కాపీ కొట్టిన పిల్లల ముఖాల్లా ఉన్నాయి. టార్పాలిను నేను కట్టిన ముడి కాకుండా వేరే ముడితో ఉంది. అది చూశాను. చూసి కూడా, టైము ఇరవై నిమిషాలు పోయిందన్న తొందరలో కారెక్కేశాను. ఆ తప్పు నాదే.

ఊరు దాటి తిన్నటి రోడ్డు మీదికి వచ్చాం. ముల్లు యాభైకి చేరగానే కారు వెనక భాగాన్ని ఎవరో పట్టుకుని జాడించినట్టయింది. పడవ ఎడమకి పోయింది, కుడికి వచ్చింది, మళ్ళీ ఎడమకి, ఈసారి ఇంకాస్త దూరం. తోకే కుక్కని ఊపుతోంది.

"వదినా, బండి నా మాట వినట్లేదు!"

"బ్రేకు తొక్కకు! కాలు తీసెయ్యి, చాలు!"

కాలు తీశాడు. ఊపు నెమ్మదించి, కాలవ గట్టు పక్కన ఆగాం. ఆ నిశ్శబ్దంలో టార్పాలిను కిందనుంచి ఎవరో "కొక్కొక్కో" అన్నారు.

ముడి విప్పాను. ఇరవై ఆరు కిలోల బియ్యం బస్తాలు రెండు. అరటిగెల, పద్నాలుగు కిలోలుంటుంది. కొబ్బరికాయలు ఇరవై, పన్నెండు కిలోలు. ఆవకాయ జాడీ ఆరు. గంపలో రెండు కోళ్ళు, గంపతో కలిపి ఐదు. మొత్తం ఎనభై తొమ్మిది. అన్నీ పడవ వెనక కొసన, మోటారు పక్కనే!

"ఏమయ్యా ఇది?"

"అక్కయ్యగారికేనండీ వదినా. మా బావ ముచ్చటపడ్డాడు. బరువు వెనకుంటే రోడ్డు పట్టుంటుంది కదా, బస్సులో అంతే కదా..."

వెనక బరువైతే నొగ పైకి లేచి కారు వెనక చక్రాలని తేలుస్తుందని దుమ్ములో గీసి చూపించాను. ఎలా సర్దాలో తెలుసు. కానీ సర్దాక సరిపోయిందో లేదో తెలియాలంటే తూచాలి. మిషను బందరులో ఉంది. తూచకుండా కదలనని కూర్చున్నాను. అప్పుడే అక్క ఫోను.

"ఎంతవరకు వచ్చారే?"

చెప్పాను. ప్రార్థన నుంచి మొదలుపెట్టి కోళ్ళ దగ్గరికి వచ్చేసరికి ఆమె నవ్వు ఫోనులోంచి మా మరిదికి కూడా వినిపించింది. మిషను సంగతి చెప్పాను. నవ్వు ఆగిపోయింది.

"అయితే రావన్నమాట. సర్లే. నేను మాత్రం వస్తానన్నానా ఏంటి." అంతలోనే మళ్ళీ ఆమే అంది: "నాన్న కోడూరు నుంచి చల్లపల్లి మిల్లుకి వడ్లు తోలినన్నాళ్ళు ఏ మిషను పెట్టి తూచాడే? బండి కట్టేముందు నొగ ఎత్తి చూసేవాడు. ఒక్క మనిషి ఎత్తగలగాలి, ఎత్తినవాడికి ఎప్పుడు దింపుదామా అనిపించాలి. తేలిగ్గా లేస్తే బస్తా ముందుకి జరిపేవాడు. నువ్వు బండి కింద కూర్చుని లెక్కలేసుకునేదానివి, ఎక్కడ చూశావులే."

బియ్యం బస్తాలు రెండూ కారులో వెనక సీటు ముందు పెట్టించాను. మిగతావి పడవ ముందుకి జరిపించాను. అయినా మూడు వందల ఇరవై ఏడు. నా హద్దుకి రెండు కిలోలు ఎక్కువ.

"రెండు కిలోలకి ఏముందిలే వదినా!"

"హద్దు హద్దే."

అప్పటికి ఏడుగురు పోగయ్యారు. గెలలో పండినవి చూసి తలా రెండేసి అరటిపళ్ళు ఇచ్చాను. మా మరిది నాలుగు తిన్నాడు, శిక్ష కింద. మొత్తం పద్దెనిమిది పళ్ళు. తొక్కలు కూడా పడవలో వెయ్యనివ్వలేదు.

తర్వాత కొక్కెం ఊడదీయించి, చీర కుచ్చిళ్ళు దోపి, నొగ నేనే ఎత్తాను. లేచింది. ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టేసరికి దింపేద్దామనిపించింది. "సరిపోయింది!" అని ఫోనులోకి అరిచాను. అవతలనుంచి అక్క, "మరి నడవండి!" అంది. అక్కడ యాభై ఐదు నిమిషాలు పోయాయి. ఆ తర్వాత యాభై దాటినా పడవ కారు వెనక బుద్ధిగా వచ్చింది.

నాగాయలంక రేవుకి పదకొండూ పద్నాలుగుకి చేరాం. పాటు మొదలైంది, నీళ్ళు దిగుతున్నాయి. ట్రైలరుని వెనక్కి నడపడమెలాగో నెల రోజులు భోజనాల బల్ల మీద అగ్గిపెట్టెకి దువ్వెన కట్టి సాధన చేశాను. స్టీరింగు కుడికి తిప్పితే పడవ ఎడమకి పోతుంది. చక్కగా వచ్చేసింది నాకు, బల్ల మీద. రేవులో మూడుసార్లు ప్రయత్నించి, మూడుసార్లూ పడవని టీ బడ్డీ వైపు తిప్పాను. ఐస్ పెట్టెలు దించుతున్న మత్స్యకారులు వచ్చి, "అమ్మగారూ, కారు ఊడదీసెయ్యండి. టీ కొట్టుకి పడవెందుకు!" అన్నారు. ఆరుగురు ట్రైలరు పట్టుకుని తోస్తే పడవ నీళ్ళలో ఉంది. వాళ్ళలో నాకు తెలిసినతను మోటారు దగ్గర కూర్చున్నాడు. ఇద్దరు సాయానికి ఎక్కారు. బియ్యమూ ఎక్కింది, కోళ్ళూ ఎక్కాయి.

లంక రేవులో అక్క ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉంది. ఇస్త్రీ చీర, చేతిసంచి. రానంటూనే సంచి సర్దుకుంది.

"పన్నెండూ ఇరవై" అంది.

పడవ ఆమె మెట్టుకి ఎనిమిది అడుగుల ఇవతలే బురదలో ఆగిపోయింది. పదకొండింటికి అక్కడ మోకాలి లోతు నీళ్ళుండాల్సింది. అక్క బురద చూసింది. ఆ ముఖంలో పంటు అంచు కనిపించింది నాకు. సంచి ఒళ్ళోంచి తీసి కింద పెట్టబోయింది.

"లేవకు! కుర్చీతో సహా ఎత్తుతారు" అన్నాను.

"నేను అరవై మూడు కిలోలే."

"కుర్చీ రెండున్నర. ముగ్గురు మగాళ్ళు. మనిషికి ఇరవై రెండు కిలోలు కూడా పడదు."

మా మరిది ప్యాంటు మడిచాడు. ముగ్గురూ కుర్చీ ఎత్తారు. బురదలో మొదటి అడుగుకి అక్క కెవ్వుమంది, రెండో అడుగుకి నవ్వింది, మూడో అడుగు నుంచి, "నెమ్మదిగా నాయనా, పెళ్ళికి కూడా నాకు పల్లకీ పెట్టలేదు!" అని అందరికీ వినిపించేలా చెప్పడం మొదలుపెట్టింది. కోసిన అంచు దగ్గర దింపారు. గడప దాటినట్టే దాటింది.

కూర్చుని చుట్టూ చూసి నన్ను వేలితో పిలిచింది. "వెనక మోటారు దగ్గర కూర్చున్నావేం? నువ్వు ముందుకి జరుగు. ఇందాకే కదా చెప్పాను."

కోళ్ళ గంప ఒళ్ళో పెట్టుకుని ముందు కూర్చున్నాను. నాగాయలంకలో భోజనం చెప్పి ఉంచానన్నాను. ముందు ఒక చుట్టు తిప్పమంది అక్క. ఒక చుట్టు మూడు చుట్లయింది, పందొమ్మిది నిమిషాలు. తుంపర ముఖాన కొట్టినప్పుడల్లా చిన్నపిల్లలా కళ్ళు మూసుకుని, "మళ్ళీ" అనేది.

భోజనాలయ్యాక తిరిగి లంకలో దింపేటప్పుడు అడిగింది. "వచ్చే శనివారం పోటు ఎన్నింటికే?"

పోటు రోజుకి యాభై నిమిషాలు ఆలస్యమైతే ఏడు రోజులకి ఐదు గంటల యాభై. పదకొండుకి కలిపాను. "సాయంత్రం నాలుగూ యాభై."

"నాలుగున్నరకల్లా ఉండు" అంది. "ప్రార్థన మాత్రం పొద్దున ఏడింటికే మొదలెట్టించు."