వదిన ల్యాబులో నేను పెట్టిన తప్పులు

ఆ రోజుల్లో నాకున్న జబ్బుకి నేను పెట్టుకున్న పేరు పట్టుదల. ఇప్పుడు పిల్లాణ్ణి పడుకోబెట్టి, ఊపిరి సరిగ్గా తీస్తున్నాడో లేదో రెండుసార్లు ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకుని ఇది రాస్తున్నాను కాబట్టి అబద్ధం ఆడలేను: అది ఒట్టి కుళ్ళు. అదీ పరాయివాళ్ళ మీద కాదు, మా మేనత్త కూతురి మీద. నాకంటే రెండేళ్ళు పెద్దది, వదిన అంటాను. చిన్నప్పుడు మా ఇంట్లో నన్ను తిట్టడం ఎక్కడ మొదలైనా "మీ వదినని చూడవే" దగ్గర ఆగేది. జడ వేసుకోవడం దగ్గర, లెక్కల మార్కుల దగ్గర, ఆఖరికి అన్నంలో ఆవకాయ కలుపుకునే తీరు దగ్గర కూడా.

ఇద్దరం ఇంజనీరింగు చదివి, హైదరాబాదులో ఒకే కంపెనీలో చేరి, ఇళ్ళ నుంచే పనిచేసేవాళ్ళం. మాది అమలాపురం, వాళ్ళది పి.గన్నవరం. ఎవరి ఆఫీసులోనైనా నెట్‌వర్కు ఆగిపోతే ఫోనెత్తి తిట్లు తినడం మా ఉద్యోగం. ఒకరోజు మేనేజరుగారు, డిజైన్ విభాగంలో ఒకే ఒక్క ఖాళీ ఉందనీ, నెట్‌వర్కింగులో అన్నిటికంటే పై మెట్టు సర్టిఫికెట్‌కి పెట్టే ల్యాబ్ పరీక్ష మా ఇద్దరిలో ఎవరు ముందు పాసైతే ఆ చోటు వాళ్ళదేననీ చెప్పారు. బెంగళూరులో, ఎనిమిది గంటల పరీక్ష. యంత్రాల ముందు కూర్చోబెట్టి ముందు ఒక నెట్‌వర్కు కట్టమంటారు. ఆ తర్వాత వాళ్ళే కావాలని చెడగొట్టిన ఇంకో నెట్‌వర్కు ఇచ్చి, తప్పెక్కడుందో వెతికి బాగుచేయమంటారు. (ఈ రెండో ముక్క గుర్తుపెట్టుకోండి. నేను పెట్టుకోలేదు.)

సాధన కోసం మూతపడ్డ ఒక ఆఫీసు నుంచి పాత రౌటర్లూ స్విచ్చులూ తెచ్చి, పి.గన్నవరంలో అత్తయ్యగారింట్లో కొబ్బరికాయలు పోసే గదిలో ఇనుప స్టాండుకి బిగించాం. పొద్దున్న పూట నాది, మధ్యాహ్నం నుంచి వదినది. వాటి ఫ్యాన్ల హోరుకి పక్కమనిషి మాట వినపడేది కాదు, వెనక నుంచి వేడిగాలి కొట్టేది. బయటేమో విడవని ముసురు. అత్తయ్య ఆ వేడిగాలికి ఎదురుగా మంచం వేసి, పాత చీర పరిచి, అప్పడాలు ఆరబెట్టేసింది. నాలుగోరోజు నన్ను పిలిచి, "ఏమే చిట్టీ, అది కూచున్నప్పుడు గలగల్లాడిపోతున్నాయి. నీ పూట మాత్రం మెత్తగానే ఉంటున్నాయేంటే? మాటిమాటికీ ఆపేస్తున్నావా ఏంటి?" అంది. నిజమే. ఏది పనిచేయకపోయినా అన్నీ ఆపి మళ్ళీ ఆన్ చేయడమే నాకు తెలిసిన వైద్యం. అప్పడాల్లో కూడా నాది రెండో స్థానమేనా అని స్కూటీ మీద అంబాజీపేట దాటేదాకా ఏడ్చాను. (వానలో ఏడిస్తే ఒక సుఖం, ఎవరూ ఎందుకని అడగరు.)

మర్నాడే మొదలుపెట్టాను. మా ఒప్పందం ప్రకారం నా పూట అయ్యాక యంత్రాలన్నిటినీ మొదట ఉన్నట్టు చేసి వదినకి అప్పగించాలి. అలాగే చేశాను, కాకపోతే ఒక రౌటరు చిరునామాలో ఏడు ఉండాల్సిన చోట తొమ్మిది కొట్టాను. అంతే! వదినకి పూటంతా దానితోనే సరిపోయింది. సాయంత్రం ఫోన్ చేసి, "ఏంటో చిట్టీ, ఇవాళ ఒక్కటీ నడవలేదే" అంటే, "అయ్యో, అవునా వదినా" అన్నాను. నా గొంతులోకి అంత జాలి ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకే తెలియదు. ఆ పూట రెండు ముద్దలు ఎక్కువ తిన్నాను. మర్నాడు పాస్‌వర్డు చివర కంటికి కనపడని ఒక ఖాళీ. ఆ తర్వాత ఒక కేబులు, చూడ్డానికి బిగించినట్టే ఉండి లోపల తగలకుండా. నెలన్నరపాటు నా చదువు మానేసి, రేపేం చెడగొట్టాలా అని నోట్సు రాసుకున్నాను. మొదట్లో వదిన ముఖం బాగా వాడిపోయేది. తర్వాత ఎందుకో వాడడం మానేసింది. అది నాకు ఇంకా మండింది.

పరీక్షకి ఇద్దరం ఒకే రోజు వెళ్ళాం. కట్టమన్నది బాగానే కట్టాను. రెండో భాగం తెరిచాను. రెండు రౌటర్లు పక్కపక్కనే ఉండి మాట్లాడుకోవడం లేదు, అలిగిన తోడికోడళ్ళలా. అచ్చం నేను వదినకి పెట్టే తప్పుల్లాంటిదే. అలాంటివి ముప్పై దాకా పెట్టి ఉంటాను, ఒక్కటి వెతికిన పాపాన పోలేదు! పెట్టినవాళ్ళకి ఎక్కడ పెట్టామో తెలుసు కదా, వెతికే పనేముంది? అలవాటు కొద్దీ అన్నీ ఆపి ఆన్ చేశాను. అవి మళ్ళీ లేచేసరికి పావుగంట పోయింది. తప్పు మాత్రం పోలేదు.

తిరుగు ప్రయాణంలో ఫలితాలు ఫోనుకే వచ్చాయి. వదిన పాసు, నేను ఫెయిలు. రావులపాలెంలో దిగి అమలాపురం బస్సు కోసం నిలబడ్డప్పుడు ఇక ఆపుకోలేకపోయాను.

"వదినా, రోజూ నీ ల్యాబు చెడగొట్టింది నేనే."

"ఆయ్, తెలుసులే" అంది, మొక్కజొన్న పొత్తు ఒలుచుకుంటూ.

"ఎప్పట్నుంచి?"

"మూడోరోజు నుంచి. ఆ కేబులు దానంతటదే ఊడిందా, మా అమ్మొచ్చి ఊడదీసిందా? ముందు నాలుగు తిడదామనుకున్నాను. ఆనక, ఇంత మంచి ప్రాక్టీసు ఎవరు చేయిస్తారులే అని ఊరుకున్నాను. చివరి వారం మాత్రం బద్ధకించేవే. ఒకే తప్పు రెండుసార్లు పెట్టేవు."

నా తప్పులు కూడా దిద్ది మార్కులేసింది మహాతల్లి!

ఆ డిజైన్ ఉద్యోగం తనకే వచ్చింది. నేను మళ్ళీ పరీక్ష కట్టాను. ఈసారి వదినే రోజూ ముందుగా చెడగొట్టి, పక్కనే కుర్చీ వేసుకుని కూచునేది. నేను రోజుకొకటి పెట్టేదాన్ని, తను మూడు పెట్టేది. మూడోది దొరక్క అన్నం మానేసిన రోజులున్నాయి. పరీక్షకి నాలుగు రోజుల ముందు మూడూ పది నిమిషాల్లో తీసేశాను. తలెత్తి చూస్తే, "బాగుందే" అంటున్న వదిన ముఖంలో ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, నాకు బాగా తెలిసిన ఆ మంట కనపడింది. తర్వాత పరీక్షా పాసయ్యాను, సర్టిఫికెట్టూ వచ్చింది. అది ఏ బీరువాలో ఉందో గుర్తులేదు కానీ ఆ ముఖం మాత్రం ఎప్పుడు కావాలంటే అప్పుడు కళ్ళ ముందుకి తెచ్చుకోగలను.

ఇప్పుడు ఈ పిల్లాడు తుమ్మితే లేచి కూచుంటాను, తుమ్మకపోతే ఎందుకు తుమ్మలేదా అని లేచి కూచుంటాను. ఇందులో ఇంకొకరి గురించి ఆలోచించే తీరికెక్కడిది? ఒక మనిషి మీద నెలన్నరపాటు, ఏ అడ్డూ లేకుండా, నోట్సు రాసుకుని మరీ కుళ్ళుకున్న అప్పటి చిట్టిని తలుచుకుంటే నవ్వొస్తుంది. ఒక్కోసారి, చెప్పకేం, దాన్ని చూస్తే కాస్త కుళ్ళుగానే ఉంటుంది.