ఆయన పేజీలో ఆమె వ్యాసాలు

అద్దె ఇళ్ల గోడల్లోకి చెమ్మ ఎలా పాకుతుందో, ఆ గదుల్లో పెరిగే పిల్లలకు ఆయాసం ఎందుకొస్తుందో పదకొండేళ్లు ఇల్లిల్లూ తిరిగి పరిశీలించిందామె. పదకొండు వ్యాసాలు రాసింది. ఇంటర్నెట్‌లో వెతికితే వాటిలో తొమ్మిది ఆమె పనిచేసే విభాగం ప్రొఫెసరు గారి పేజీలో కనిపిస్తాయి. ఆయన ఏనాడూ ఒక్క గోడను తాకలేదు. ఆ వ్యాసాల మీద రచయితగా ఆయన పేరు కూడా లేదు.

మొదటి రెండు వ్యాసాలూ ఆమె తన ఈమెయిల్ నుంచే పంపింది. ఆ తర్వాత విభాగంలో ఒక పద్ధతి వచ్చింది. ఎవరు రాసిన వ్యాసమైనా ప్రొఫెసరు గారి ఈమెయిల్ నుంచే పత్రికకు వెళ్లాలి. పరిశోధకుల పేజీలు నడిపే సైటు ఆ చిరునామా చూసి, "ఇది మీదేనా?" అని ఆయన్ని అడుగుతుంది. తొమ్మిదిసార్లూ ఆయన తరఫున "అవును" అని నొక్కింది ఆమే. నొక్కమన్నది ఆయన.

కాలేజీలో అందరి పేజీలూ చూసే పని ఆమె మీదే పడింది. కాంట్రాక్టు మనిషి కాదనగలదా? అటెండరు ఆమెకు పేజీలమ్మ అని పేరు పెట్టాడు.

"పేజీలమ్మా, లెక్కల సారు ఫొటోలో కాస్త జుట్టు పెట్టమంటున్నారు!"

ఆమె నవ్వేది. తన పేజీలో మాత్రం ఫొటో ఉండాల్సిన చోట బూడిదరంగు తలకాయ బొమ్మ ఒకటి అలాగే ఉండిపోయింది. మెట్ల కింద కిటికీ లేని గది ఆమెది. మధ్యాహ్నం కంప్యూటర్ ముందే డబ్బా విప్పి తినేది. పక్క కుర్చీలో ఫైళ్లు. వాటిని దించి ఎవరైనా కూర్చుని ఎన్నేళ్లయిందో ఆమెకే గుర్తు లేదు.

ఇంతలో పర్మనెంటు పోస్టు పడింది. కనీసం ఐదు వ్యాసాలుండాలి, సైటులో ఎవరి పేజీలో కనిపిస్తే వాళ్లవే. ఆ వారం చెల్లెలు ఫోన్ చేసింది.

"అక్కా, నీ వ్యాసం పేరు కొడితే ఎవరో బట్టతలాయన వస్తున్నాడేంటి?"

"మా సారే."

"నువ్వు రాస్తే ఆయనెందుకొచ్చాడు?"

"ఇక్కడ అదొక పద్ధతిలే."

"పద్ధతీ లేదు, పాడూ లేదు. అడిగావా?"

"అడుగుతా."

"ఎప్పుడు? రిటైరయ్యాకా?"

ఆ తొమ్మిదీ తన పేజీకి మార్చమని ఆ రోజే సైటుకు విన్నపం పంపింది. ఆ పేజీ యజమాని ఒప్పుకుంటేనే మారుస్తామని సైటు ప్రొఫెసరు గారికి ఉత్తరం పంపింది. ఆయన ఇన్‌బాక్సు తెరిచేదీ ఆమే. "ఒప్పుకుంటున్నాను" అన్న బటన్ మీదికి వేలు వెళ్లింది, వెనక్కి వచ్చింది. ఇన్నేళ్లూ ఆయన బదులు నొక్కింది. ఈ ఒక్కటీ ఆయనే నొక్కాలనిపించింది. ఉత్తరం ప్రింటు తీసి పట్టుకెళ్లింది.

"ఇప్పుడెందుకమ్మా ఇది?"

"గురువారం నా ఇంటర్వ్యూ అండీ."

"వచ్చే నెల వ్యాసాలు లెక్కపెట్టే తనిఖీ పెట్టుకుని నా పేజీలోంచి ఒక్కసారిగా తొమ్మిది తీసేస్తే ఏం బావుంటుంది? అది అయిపోనీ."

"అప్పటికి పోస్టు పోతుందండీ."

"నువ్వు మన ఇంటి మనిషివి. నేను లేనూ?"

గురువారం కమిటీలో ఒకాయన తెర చూసి, "రెండేనా?" అన్నాడు. ఆమె సంచిలోంచి పదకొండూ తీసి బల్ల మీద పెట్టింది. "కాగితాలు చూడమమ్మా" అన్నారు. పోస్టు వేరేవాళ్లకు వెళ్లింది.

తనిఖీ కూడా అయిపోయింది. విన్నపం ఇంకా ఆ ఇన్‌బాక్సులోనే ఉంది. రోజూ పొద్దున ఆమె దాన్ని చదవని ఉత్తరంగా గుర్తు పెడుతుంది, మిగతావాటికన్నా ముదురు అక్షరాల్లో కనబడాలని. ఆయన ఇంతవరకూ తెరవలేదు. అదే గదిలో, అదే డబ్బాతో ఆమె ఇంకా అక్కడే ఉంది. ఇప్పుడు మాత్రం ఎవరి బదులూ "అవును" నొక్కడం లేదు.

ఇది చదువుతున్న పెద్దలారా, ఈ రోజే మీ పేజీ తెరవండి. ఒక్కో వ్యాసం చూడండి. మీరు రాయనిది ఉంటే రాసినవాళ్లకు పంపేయండి. కమిటీల్లో కూర్చునేవారు ఆ సంచిలోని కాగితాలు కూడా చూడండి. మీ ఇన్‌బాక్సులో ఇలాంటి విన్నపం ఏదైనా ఉంటే, దయచేసి మీ వేలితో మీరే నొక్కండి.