జర్మీనా ఆపా, ఐలా మేడమ్, మధ్యలో నేను

ఒమాన్‌లోని సహంలో మా ఆస్పత్రి ఎదురుగా కొత్తగా ఒక దర్జీ కొట్టు తెరిచారు. మొన్న డ్యూటీ దిగి అటుగా నడుస్తుంటే లోపలి నుంచి కత్తెర చప్పుడు వినిపించింది. ఆగి ఆగి కత్తిరించే చప్పుడు కాదు. గుడ్డను బల్ల మీద పరిచి ఈ అంచు నుంచి ఆ అంచు దాకా ఒకే ఊపున పోయే పెద్ద కత్తెర చప్పుడు. నెత్తి మీద ఎండ మాడుస్తున్నా అక్కడే నిలబడిపోయాను. లోపల ఉన్నది ఎవరో నడివయసు బెంగాలీ. నాకు మాత్రం మస్కట్ శివారు మబేలాలోని ఒక ఇరుకు గది, ఆ గదిలో చాప మీద మోకాళ్ళూని, సుద్దగీత కూడా గీయకుండా గుడ్డ కోసే జర్మీనా ఆపా కళ్ళ ముందు మెదిలింది.

అప్పట్లో నేను మస్కట్‌లోని అల్ ఖువైర్‌లో ఐలా మేడమ్ ఇంట్లో పనిచేసేదాన్ని. మాది కడప వైపు, రాయచోటి దగ్గర పల్లె. డిగ్రీ మధ్యలో ఆపేసి వచ్చాను కాబట్టి ఇంగ్లిషు కొంత తెలుసు. ఉర్దూ మా వీధిలో ఆడుకుంటూ నేర్చుకున్నది. ఐలా మేడమ్‌ది ఫిన్లాండ్. భర్త పెద్ద కంపెనీలో ఇంజనీరు. ఇల్లు, కారు, పిల్లల బడి, ఏటా ఊరెళ్ళే టిక్కెట్లు, అన్నీ కంపెనీవే. మేడమ్ వాళ్ళ దేశంలో కాన్పులు చేసే నర్సు. ఇక్కడ భర్త వీసా మీద వచ్చింది కాబట్టి ఉద్యోగం చేయడానికి లేదు. పొద్దంతా ఇంట్లో అటూ ఇటూ తిరిగేది. వాళ్ళ దేశస్థులు ఇక్కడ చాలా తక్కువ. వారానికోసారి ఎవరో ఒకరి ఇంట్లో కలుసుకునేవారు. అందులో ఒకాయన పెరట్లో చెక్కగది కట్టించాడు. లోపల పొయ్యి వెలిగించుకుని, అందరూ కూర్చుని చెమటలు పట్టించుకునేవారు. మస్కట్‌లో చెమట కోసం ప్రత్యేకంగా గది కట్టుకున్నారని చెబితే మా పెద్దమ్మ కూతురు లక్ష్మక్క నమ్మలేదు.

ఆ లక్ష్మక్క మబేలాలో ఉండేది. జర్మీనా ఆపా వాళ్ళది పక్క గుమ్మం. ఆపా అంటే ఉర్దూలో అక్క. ఆపా భర్త జబ్బార్ ఖాన్‌కు సందు చివర తందూరు రొట్టెల కొట్టు. ఇద్దరూ అఫ్గాన్లు. అయితే ఆపా పుట్టింది పెషావర్ శివార్లలో, ఇల్లూ వాకిలీ వదిలి పారిపోయి వచ్చినవాళ్ళ బస్తీలో. తన దేశం అని చెప్పుకునే చోట ఆమె ఒక్కసారీ కాలు పెట్టలేదు. కాబూల్‌లో ప్రభుత్వం మారాక వీళ్ళ పాస్‌పోర్టుల గడువు అయిపోయింది. కొత్తవి అడిగితే ఇదిగో అదిగో అన్నారే తప్ప రాలేదు. పాస్‌పోర్టు లేకపోతే బతాకా, అంటే ఇక్కడ ఉండడానికిచ్చే కార్డు, పొడిగించరు. అలా ఇద్దరూ ఉన్నచోటే ఉంటూ, ఉండకూడని మనుషులైపోయారు.

మేడమ్‌కు ఎండకు తట్టుకునే నూలు గౌన్లు కావాలంటే నేనే ఆపా దగ్గరికి తీసుకెళ్ళాను. గుమ్మంలో లక్ష్మక్క నన్ను పక్కకు లాగి, "ఏమ్మే, తెల్లామెను ఈ సందులోకి యాల పిల్చకొచ్చినావు? ఎవరన్నా చూస్తే వీళ్ళకు తలనొప్పి గదా" అంది. అప్పటికే మేడమ్ చెప్పులు విడిచి చాప మీద కూర్చుంది. కొలతలు తీసుకుని, మిషను మీద ఏదో కుడుతూనే ఆపా నన్ను ఉర్దూలో అడిగింది, "ఈమెకు ఇంట్లో పనేమీ ఉండదా?" నేను మేడమ్‌ను అడిగాను. వీసా మీద పనిచేయకూడదని రాసి ఉందంది మేడమ్. ఆపా ఫక్కున నవ్వింది. "నాదీ అదే కథ అని చెప్పు. కాకపోతే నేను చేస్తూనే ఉన్నాను."

ఆ నవ్వు పూర్తికాకముందే సందులోకి ఒక పెద్ద బండి మలుపు తిరిగిన చప్పుడైంది. ఆపా చెయ్యి మిషను చక్రం మీద పడి ఆగిపోయింది. లక్ష్మక్క గుమ్మానికి అడ్డంగా నిలబడింది. తనిఖీకి వచ్చిన పోలీసు బండేమోనని భయం. బండి దాటిపోయింది. అది నీళ్ళ ట్యాంకరు. మిషను మళ్ళీ నడిచింది. ఎందుకు ఆపిందని మేడమ్ అడిగితే, దారం చిక్కుపడిందన్నాను.

నాకది అలవాటు. ఒకరి ఇంట్లో పనిచేసేవాళ్ళకు ఆ విద్య తొందరగానే అబ్బుతుంది. పెద్దవాళ్ళ మాటలోని విసుగును తీసేసి కిందివాళ్ళకు చెప్పడం, కిందివాళ్ళ మాటలోని కారాన్ని తీసేసి పెద్దవాళ్ళకు చెప్పడం. అందరూ నన్ను మంచి పిల్ల అనేవారు. ఆ విద్య ఆపా దగ్గర చెల్లలేదు.

గౌన్లు అయిపోయినా మేడమ్ ప్రతి శుక్రవారం వెళ్తూనే ఉంది. అప్పటికి ఆపా కడుపుతో ఉంది. ఒకరోజు పాలు లేని పచ్చ టీ తాగుతూ ఆపా అడిగింది, "వీళ్ళ దేశంలో మొగుడు వదిలేస్తే ఆడది ఏం తిని బతుకుతుంది?" నాకు సిగ్గేసింది. మీ దేశంలో ఆడవాళ్ళ జీవితం ఎలా ఉంటుందని ఆపా అడుగుతోందని మేడమ్‌తో అన్నాను. మేడమ్ చాలాసేపు చెప్పింది. నేను ఆపా వైపు తిరిగి, "బాగానే ఉంటుందట" అన్నాను.

ఆపా సూదిని గుడ్డలో గుచ్చి పక్కన పెట్టింది. "ఆమె అంతసేపు మాట్లాడింది. నువ్వు ఒక్క ముక్క చెప్పావు. మిగతాది ఏమైంది?"

"నీ ప్రశ్నకు ఆమె నొచ్చుకుంటుందేమోనని..."

"నొచ్చుకుంటే ఆమె నొచ్చుకుంటుంది. ఆమె బదులు నువ్వెందుకు నొచ్చుకుంటావు? నా మాటలో రాయి ఉంటే రాయితోనే ఇవ్వు బెహన్. ఏరేసి ఇవ్వకు."

మళ్ళీ అడిగాను, ఈసారి ఉన్న మాట ఉన్నట్టు. మేడమ్ నొచ్చుకోలేదు సరికదా, మొదటిసారి ఆలోచనలో పడింది. "మొగుడు వదిలేసినా, ఉద్యోగం పోయినా మా దగ్గర ఒక గది, ఒక డాక్టరు, పిల్లలకు బడి ఉంటాయి. ప్రభుత్వం చూసుకుంటుంది. అదొక భాగ్యమని నేనెప్పుడూ అనుకోలేదు. కానీ మా అమ్మ ఒంటరిగా ఉంటుంది. పడిపోతే ఎంతసేపటికి ఎవరికి తెలుస్తుందో నాకు తెలియదు" అంది. ఆపా తల ఊపింది. "మా దగ్గర పడిపోతే పట్టుకోవడానికి పదిమంది ఉంటారు, డాక్టరు ఉండడు అని చెప్పు." అదీ చెప్పాను. ఆ రోజు ఇద్దరూ నా వైపు కాకుండా ఒకరినొకరు చూసుకుంటూ మాట్లాడుకున్నారు. మధ్యలో నేనున్నానన్న సంగతే మరిచిపోయారు.

నెలలు నిండకముందే ఒక శుక్రవారం మేము వెళ్ళేసరికి మిషను చప్పుడు లేదు. ఆపా గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ముఖం పిండిలా పాలిపోయింది. కింద పరిచిన దుప్పటి తడిసి ఎర్రగా ఉంది. లక్ష్మక్క తడిగుడ్డతో ఆమె ముఖం తుడుస్తూ, "పొద్దున్నుంచి నొప్పులంట, నాకిప్పుడే తెలిసింది" అంది. మేడమ్ చేతులు కడుక్కుని, ఆపా పొట్ట మీద అరచేయి ఆనించి, తర్వాత చెవి ఆనించింది. పొట్ట రాయిలా గట్టిపడి ఉందట. వంగి వింటున్న ఆ ముఖం అంతకుముందు నేను ఎరిగిన ముఖం కాదు. చాప మీద టీ తాగే మనిషి పోయి ఏళ్ళ తరబడి కాన్పుల గదిలో నిలబడిన మనిషి వచ్చింది.

అంతలో జబ్బార్ పరుగెత్తుకొచ్చాడు. మోచేతుల దాకా పిండి. బర్కాలో ఒక ముసలామె కాన్పులు చేస్తుందని, కారు మాట్లాడానని, ఆమెను తీసుకొస్తానని అన్నాడు. "ఆస్పత్రి వద్దు. లోపలికి పోగానే బతాకా అడుగుతారు. ఈమెను అటు, నన్ను ఇటు పంపేస్తారు."

మేడమ్ లేచి నిలబడింది. ఒక్కో మాటా విడివిడిగా పలికింది. బిడ్డకు ప్రాణం పోసే మాయ లోపల విడిపోతోందని, బయటికి కనిపించే రక్తం కంటే లోపల ఎక్కువ ఉండి ఉంటుందని, ముసలామె వచ్చేదాకా ఆగితే బిడ్డ పోతుందని, ఆ తర్వాత తల్లి కూడా పోవచ్చని. అది ఇక్కడ ఎవరి చేతుల్లోనూ లేదని, తన చేతుల్లో కూడా లేదని.

నేను ఆపా వైపు తిరిగాను. "మేడమ్ ఏమంటోందంటే... ఆస్పత్రికి పోతే మంచిదట" అన్నాను.

ఆపా కళ్ళు తెరిచింది. మాట్లాడే శక్తి లేదు, అయినా నా మణికట్టు పట్టుకుంది. "ఆమె ముఖం అలా చెప్పడం లేదు. మొత్తం చెప్పు."

చెప్పాను. మాయ గురించి, బిడ్డ గురించి, ఆమె గురించి, ఏదీ వదలకుండా. చెబుతుంటే జబ్బార్ చేతుల పిండి రాల్చుకుంటూనే ఉన్నాడు. లక్ష్మక్క నోట్లో కొంగు కుక్కుకుంది. ఆపా మాత్రం నా ముఖం మీది నుంచి చూపు తిప్పలేదు. విన్నాక అడిగింది, "నేను పోతాను. బతుకుతాను. తర్వాత మమ్మల్ని పంపిస్తారు. ఎక్కడికి పంపిస్తారు? పెషావర్ వాళ్ళు నువ్వు మాదానివి కాదన్నారు. కాబూల్ నేను చూడలేదు. ఆమెను ఒక చోటు పేరు చెప్పమను."

ఆ ప్రశ్నను ఇంగ్లిషులో చెప్పాను. మేడమ్ ఏదో ఒక ధైర్యం చెబుతుందని, నేను చూసుకుంటానంటుందని ఎదురుచూశాను. అలాంటి మాట నా చేతిలో పెడితే పరుగున ఆపాకు అందించేదాన్ని.

"నాకు తెలియదు" అంది మేడమ్. "తర్వాత ఏమవుతుందో నాకు తెలియదు. మాట ఇవ్వలేను. ఇక్కడ ఉంటే ఏమవుతుందో మాత్రం తెలుసు."

ఆ మాటను అలాగే ఇచ్చాను. ఆపా భర్త వైపు చెయ్యి చాపి, "లేపు" అంది.

మేడమ్ కారులో వెనక సీటు మీద ఆపాను పడుకోబెట్టి తల నా ఒళ్ళో పెట్టుకున్నాను. ముందు సీట్లో జబ్బార్ పెదవులు కదుపుతున్నాడు. ప్రతి సిగ్నల్ దగ్గరా ఆపా చేతి పట్టు కొంచెం సడలేది. సడలినప్పుడల్లా నేను గట్టిగా నొక్కేదాన్ని, ఆమె తిరిగి నొక్కేదాకా వదిలేదాన్ని కాదు. ఒకసారి నొక్కలేదు. ఆపా, ఆపా అని పిలిచాను. వెనక్కి తిరగకుండానే మేడమ్, "ఆమెతో మాట్లాడుతూనే ఉండు, ఏదైనా సరే" అంది. రాయచోటి గురించి చెప్పాను, మా వీధి గురించి, దర్గా దగ్గర అమ్మే తీపిబూంది గురించి. చివరికి వేలు కదిలింది.

ప్రభుత్వ ఆస్పత్రి అత్యవసర విభాగంలో కౌంటర్ వెనకున్న అతను బతాకా అడిగాడు. జబ్బార్ తల దించుకున్నాడు. మేడమ్ గొంతు పెంచబోయింది. అంతలో లోపలి నుంచి ఒక ఒమానీ నర్సు వచ్చి ఆపా కూర్చున్న చక్రాల కుర్చీ వైపు చూసింది. కాళ్ళ కింద నేల మీద పడుతున్న చుక్కలను చూసింది. కౌంటర్ అతనితో అరబీలో ఒక్క మాట, "తర్వాత" అని చెప్పి, కుర్చీని తనే తోసుకుంటూ పోయింది. తలుపు మూసుకుంది. మేడమ్‌ను కూడా లోపలికి రానివ్వలేదు. జీవితమంతా ఆ తలుపుకు అవతల పనిచేసిన మనిషి మాతోపాటు బెంచీ మీద కూర్చుంది. ఎండిన రక్తంతో ఆమె చేతులు బిగుసుకుపోయి ఉన్నాయి. నేను వాటిని పట్టుకుందామనుకుని పట్టుకోలేకపోయాను. కాసేపటికి ఆమే నా చెయ్యి పట్టుకుంది.

ఆపరేషన్ చేసి ఆడపిల్లను తీశారు. పిల్లను గాజుపెట్టెలో ఉంచారు. ఆపాకు రక్తం ఎక్కించారు. ఇద్దరూ బతికారు.

జబ్బార్ భయపడిందీ జరిగింది. కాగితాల విషయం బయటపడింది. విచారణకు పిలిచారు. రొట్టెల కొట్టు వేరేవాళ్ళకు పోయింది. చివరికి గడువు దాటినవాళ్ళు జరిమానా లేకుండా వెళ్ళిపోవచ్చని అవకాశం వచ్చినప్పుడు, ఆ ఒక్క ప్రయాణానికి సరిపడే కాగితం తీసుకుని కాబూల్ విమానం ఎక్కారు. మేడమ్, నేను ఎయిర్‌పోర్టుకు వెళ్ళాం. సందులోని అఫ్గాన్లంతా వచ్చి నిలబడ్డారు, ఒకరు పిల్లకు ఉన్ని టోపీ, ఒకరు రొట్టెల మూట. మేడమ్ నన్ను అడగమంది, "నా మీద కోపంగా ఉందా?"

అడిగాను. ఆపా పిల్లను భుజం మార్చుకుంది.

"కోపంగా ఉంది. ఆమె వల్లే పోతున్నాం కదా. కోపంగా ఉందని చెప్పు. కోపగించుకోవడానికి ఉన్నాను కదా, అది కూడా చెప్పు."

రెండూ చెప్పాను. మేడమ్ ఏడుస్తూ తల ఊపింది. ఆపా ఆమె నుదుటి మీద ముద్దుపెట్టి లోపలికి నడిచింది.

ఆ మరుసటి ఏడాది మేడమ్ వాళ్ళూ వెళ్ళిపోయారు. కంపెనీ మనుషులు వచ్చి గిన్నెలూ పుస్తకాలూ కాగితంలో చుట్టి పెట్టెల్లో సర్దారు. వీడ్కోలు విందు ఇచ్చారు. మేడమ్ పాత ఉద్యోగం ఆమె కోసం ఎదురుచూస్తోందట. ఇప్పుడు వాళ్ళ ఊరి ఆస్పత్రికి అఫ్గాన్ ఆడవాళ్ళు కూడా కాన్పులకు వస్తారని, ఫోన్లో అనువాదం చేసేవాళ్ళుంటారని ఒకసారి చెప్పింది. "నేను ఎక్కువ చెప్పి, వాళ్ళు తక్కువ చెబితే, మళ్ళీ చెప్పమంటున్నాను" అంది. కాబూల్ నుంచి ఆపా ఎప్పుడైనా గొంతు రికార్డు చేసి పంపుతుంది. ఇంట్లోనే కుడుతోందట. పిల్ల మాటలు నేర్చింది. బడి గురించి నేనడిగితే ఆపా జవాబివ్వదు. నేను మళ్ళీ అడగను.

మేడమ్ రాసిచ్చిన సిఫారసు మీదే సహంలోని ఈ ప్రైవేటు ఆస్పత్రిలో రోగులకు మాట తర్జుమా చేసే ఉద్యోగం దొరికింది. పోయిన వారం జగిత్యాల వైపు నుంచి వచ్చిన ఒకాయనను భవనం కట్టే సైట్ నుంచి తెచ్చారు. కాలిపుండు ముదిరింది. డాక్టర్ చాలాసేపు మాట్లాడాడు. మంచం పక్కనున్న రూమ్మేట్ నా చెవి దగ్గర, "అక్కా, ఇప్పుడే చెప్పకు. మందులతోని నయమైతదని చెప్పు. మనిషి ఆగమైతడు" అన్నాడు.

మంచం మీదాయన మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "ఏమన్నడు చెల్లే?"

"కాలు తీసేయాలంట అన్నా. మోకాలి కిందికి. ఈ పొద్దే తీయాలంట. ఆలస్యమైతే విషం పైకెక్కి ప్రాణానికే వస్తాదంట. తీసినాక పెట్టుడు కాలు పెడతారంట. మళ్ళా పనికి ఎప్పుడు పోతావో ఆయనకూ తెలీదంట."

ఆయన, "నీకెంత సులువుగ వచ్చిందమ్మా ఆ మాట" అని గోడ వైపు తిరిగిపోయాడు. రూమ్మేట్ నన్ను కోపంగా చూశాడు. నేను స్టూలు లాక్కుని ఆయన వీపు వైపే కూర్చున్నాను. కాసేపటికి, గోడ వైపు నుంచి తల తిప్పకుండానే ఆయన అడిగాడు, "మత్తు ఇచ్చినంక ఎంతసేపటికి తెలివొస్తదో అడుగు." లేచి డాక్టర్ కోసం వెళ్ళాను.