దొరగారి వేషాలు, నా ఇంటర్వ్యూ

ఇప్పుడంటే వేలు తాకిస్తే సినిమా వస్తోంది గానీ, నేను అమెరికా వచ్చి జెర్సీ సిటీలో దిగిన కొత్తల్లో సినిమా చూడాలంటే లైబ్రరీకి నడిచి వెళ్లి డీవీడీ తెచ్చుకోవాల్సిందే. నేను తెచ్చినవన్నీ ఒకే ఆయనవి. ఒక బ్రిటిష్ నటుడు. పేరు చెప్పను, మా గదిలో ఆయన్ని 'దొరగారు' అనేవాళ్లం. ఒక సినిమాలో పెద్ద బంగళాలో ట్రే పట్టుకుని తలవంచే బట్లర్, ఇంకోదాంట్లో గుసగుసగా కబుర్లు చెబుతూనే మనిషిని చంపేసే హంతకుడు, మరోదాంట్లో అమెరికా దక్షిణాన పత్తి పండించే మొరటు రైతు. తాగుబోతు సంగీతం మాస్టారూ ఆయనే, చూపులేని జడ్జీ ఆయనే. (ఒకదాంట్లో దయ్యం. అందులోనూ టై కట్టుకునే ఉన్నాడు.) ఏ వేషం వేసినా ఆ మనిషిగానే పుట్టాడా అన్నట్టుండేవాడు, ముక్కొక్కటే దాచుకోలేకపోయేవాడు. "ఈ ముసలోడు ఏమిచ్చిండే నీకు, రోజూ గీయన్నే చూస్తవ్?" అని మా రూమ్మేట్ నిజామాబాద్ అక్క విసుక్కునేది. చూస్తాను, నా ఇష్టం అనేదాన్ని.

ఇష్టమే కాదు, అవసరం కూడా. నన్ను హెచ్‌వన్ వీసా మీద తీసుకొచ్చిన కన్సల్టెన్సీ గెస్ట్‌హౌస్‌లో రెండు నెలలుగా ప్రాజెక్ట్ లేకుండా కూర్చున్నాను. ప్రాజెక్ట్ రాకపోతే వీసా పోతుంది, పెట్టె సర్దుకోవాలి. చివరికి ఒకరోజు కన్సల్టెన్సీ ఓనర్ (అందరికీ ఆయన 'అన్న') ఫోన్ చేసి, "గురువారం పొద్దున పదింటికి ఫోన్ ఇంటర్వ్యూ. నీ పేరుతో మీ రూమ్మేట్ అక్క మాట్లాడుతుంది, నువ్వు పక్కన ఊరికే కూర్చో" అన్నాడు. (అప్పట్లో ఇది మామూలే. ఒకళ్లు ఇంటర్వ్యూ ఇస్తే ఇంకొకళ్లు ఉద్యోగంలో చేరేవాళ్లు.)

"సబ్జెక్ట్ నాకొచ్చు కదన్నా!"

"సబ్జెక్ట్ కాదమ్మా, నీ ఇంగ్లీష్ వింటే తెనాలి బస్టాండ్ గుర్తొస్తుంది. వాళ్లు ఫోన్ పెట్టేస్తారు."

నాకు ఒళ్లు మండిపోయింది. నా ఉద్యోగానికి నా నోటితో నేనే మాట్లాడతానన్నాను. "పోతే ఇండియాకి టికెట్ బుక్ చేసుకుంటావా?" అన్నాడు. చేసుకుంటానన్నాను.

ఇక మొదలైంది నా సాధన. దొరగారిని ఆపి, వెనక్కి తిప్పి, మళ్లీ ఆపి, ఆయన అన్నదల్లా అనడం. అద్దం ముందు స్టీలు పళ్లెం పట్టుకుని బట్లర్‌లా వంగడం. పులిహోర కలుపుతూ హంతకుడి గుసగుసలు పెడితే అక్క గరిటె అక్కడ పడేసి, "నాకు భయమైతుందే, నీకో దండం" అని బయటికి పోయింది. బట్లర్, హంతకుడు, పత్తి రైతు, మూడు వేషాలూ కంఠతా వచ్చేశాయి. ఒక్కటి మాత్రం ఆలోచించలేదు, ఎప్పుడు ఏది బయటికొస్తుందో నా చేతుల్లో లేదని.

గురువారం పదింటికి స్పీకర్ ఆన్ చేశాను. నేను తడబడితే అందుకుందామని అక్క పక్కనే కాచుకుని కూర్చుంది. అవతలి మేనేజర్ 'మీ గురించి చెప్పండి' అనగానే బట్లర్ దిగాడు. తమరి అనుమతితో విన్నవించుకుంటున్నానన్నంత వినయంగా చెప్పాను. తర్వాత డేటాబేస్ కూలిపోతే ఏం చేస్తారన్నాడు. నాకు కంగారొచ్చి గొంతు తగ్గింది, దాంతో హంతకుడొచ్చాడు. ముందు బ్యాకప్ ఎక్కడుందో కనుక్కుంటాను అని నేను గుసగుసలాడుతుంటే నాకే భయమేసింది. ఆ భయంలో, ఒత్తిడి తట్టుకోగలరా అని అడిగేసరికి పత్తి రైతు నోరు విప్పాడు. మేనేజర్ చాలా మర్యాదగా, "ఏమనుకోకండి, ఈ కాల్‌లో మీరు ఎంతమంది ఉన్నారు?" అన్నాడు.

అక్క రెండు చేతులతో నోరు మూసుకుంది. చూశారా నా కర్మ! ఇంకొకరి చేత మాట్లాడించను పొమ్మన్నది నేను, ముగ్గురిని పెట్టి మాట్లాడించానన్న నింద నా మీద! ఎక్కడలేని రోషం వచ్చింది. దొరగారు ఎటు పోయాడో ఏమో, లేచి నిలబడి అచ్చం తెనాలి ఇంగ్లీష్‌లో అరిచాను. "సర్, ఓన్లీ వన్ పర్సన్ సర్! ఆల్ దట్ ఈజ్ సినిమా యాక్టింగ్! దిస్ ఈజ్ మై వాయిస్! నౌ యూ ఆస్క్ ఎనీ క్వశ్చన్!"

అడిగాడు. పావుగంట అడిగాడు. ఊపిరి తీసుకోకుండా చెప్పాను. చివర్లో ఆ నటుడెవరని అడిగాడు, చెప్పాను. పకపకా నవ్వి, "బట్లర్ బాగున్నాడు గానీ నాకొద్దు. సోమవారం ఆ అరిచినావిడని పంపండి" అన్నాడు. అక్క నన్ను కావలించుకుని ఏడ్చేసింది. సాయంత్రం అన్న ఫోన్ చేసి, "నీకొస్తుందని నాకు ముందే తెలుసమ్మా" అన్నాడు. (సిగ్గులేకపోతే సరి.)

ఇప్పుడు నేనే ఇంటర్వ్యూలు చేస్తున్నాను. ఎవరైనా మనవైపు పిల్ల భయపడుతూ లేని యాస తెచ్చిపెట్టుకుని మాట్లాడితే, మీ ఊళ్లో ఎలా మాట్లాడతారో అలాగే చెప్పమ్మా, నాకు తొందరేం లేదంటాను. ఇక్కడే పుట్టిన మా వాడికి మాత్రం నా ఇంగ్లీష్ నామోషీ. "అమ్మా, స్కూల్లో అలా మాట్లాడకు ప్లీజ్" అంటాడు. మాట్లాడతానురా. దొరగారికి వంద గొంతులు, అది ఆయన పని. నాకున్నది ఒక్కటే, నన్ను ఈ దేశంలో నిలబెట్టింది అదే.

మొన్న దొరగారు ఏదో కొత్త సినిమాలో కనిపించాడు. బాగా ముసలాడైపోయాడు, ముక్కు చూసి గుర్తుపట్టాను. ఇంట్లో ఎవరూ లేరు కదాని, ఆ పాత స్టీలు పళ్లెం తీసి అద్దం ముందు ఒక్కసారి వంగాను. బాగానే వచ్చింది, నడుమే కాస్త పట్టేసింది.