ఊక మాడిన గోడ

దయ్యాలున్నాయని ఎవరైనా అంటే నవ్వేదాన్ని. శ్మశానం పక్క చేలో గొర్రెల మంద దగ్గర ఒక్కదాన్నే పడుకున్న మనిషిని నేను. భయపడితే పాములకు భయపడ్డాను. ఇప్పుడు కూడా దయ్యాన్ని చూశానని చెప్పడం లేదు. పట్టపగలు నా చేతులతో తాకిన గోడ సంగతి చెబుతున్నాను. నాకు చదువు రాదు. నేను చెబుతుంటే మా తమ్ముడి కూతురు రాస్తోంది.

మాది గరిడేపల్లి పక్కన చిన్న ఊరు. అవి నైజాం చివరి రోజులు. నా పెనిమిటి లింగయ్య మట్టి గోడలు పెట్టేవాడు. వానలు లేని ఏడు కూలి దొరక్క, ఒక మేస్త్రి వెంట ఖమ్మం అవతల బొగ్గు బాయికి పోయాడు. ఇంట్లో నేను, మా అత్తమ్మ మిగిలాం. పిల్లలు లేరు.

అక్కడ ఆయన బొగ్గు కొట్టేవాడు కాదు. భూమి లోపల బొగ్గు దానంతట అదే అంటుకుంటుందట. మొదట చేతిపంపు పెట్టి గుడ్డ గొట్టంతో నీళ్లు కొడతారు, ఇసుక పోస్తారు. దానికీ లొంగకపోతే ఆ దారికి అడ్డంగా ఇటుక గోడ కట్టి, సందు లేకుండా మట్టి మెత్తుతారు. గాలి అందక నిప్పు చస్తుంది. ఆ మెత్తే పని ఆయనది.

ఒకసారి ఇంటికి వచ్చినప్పుడు చెప్పాడు. "మన అలవాటు కొద్దీ మట్టిల ఊక కలిపిన. మేస్త్రి సూసి, ‘నిప్పును సంపుమంటే దానికి బువ్వ పెడుతున్నవారా’ అన్నడు." చెప్పి తనే నవ్వాడు. ఆ బురదంతా పారబోయించి, జల్లెడ పట్టిన ఉత్త మట్టి పిసికించారట.

"గంత దూరం పోయి మల్ల మట్టే తొక్కుతున్నవా" అన్నాను.

"నా మొకానికి బంగారం తొక్కనిస్తరా" అన్నాడు. ఆయన్ను చూడటం అదే ఆఖరు.

ఆ ఎండాకాలం చివర, వానలు పడకముందే మా ఇంటి వెనక గోడ బయటి వైపు మెత్తాను. ఎప్పటిలాగే మట్టిలో ఊక కలిపి నానబెట్టి, పొద్దున్నే మెత్తాను. మధ్యాహ్నానికి రొమ్ము ఎత్తున చేటంత ముక్క ఊడిపడింది. చేతిలోకి తీసుకుని చూస్తే లోపలి ఊక నల్లగా మాడి ఉంది. మట్టి కుమ్మరి ఆవంలో కాల్చినట్టు ఎర్రబడింది.

ఆ గోడకు ఇంటి లోపలి వైపు పొయ్యి లేదు. బయట ఉత్త దొడ్డి. అదే బురదతో మళ్లీ మెత్తాను. పొద్దు వాలేసరికి అదే చోట, అంతే ముక్క ఊడింది. అత్తమ్మ అరచెయ్యి పెట్టి వెంటనే తీసేసింది. "కాలుతున్నది బిడ్డా" అంది. పక్కింటి మల్లమ్మ కూడా తాకింది. ఎండకు కాగిందేమో అంది. కానీ అది తూర్పు గోడ. మధ్యాహ్నం నుంచి నీడలోనే ఉంది.

ఆయన చెప్పింది గుర్తొచ్చి, మట్టి జల్లించి ఊక లేకుండా పిసికి మెత్తాను. అది నిలిచింది. తెల్లవారేసరికి గోడ చల్లబడింది. మట్టి మంచిది కాదనుకుని నా పనిలో నేను పడ్డాను.

రజాకార్ల గడబిడకు బస్సులు సరిగా లేవు. కబురు ఆలస్యంగా వచ్చింది. ఆయనతో పనిచేసే మోతె ఊరి యాదగిరి నడిచే వచ్చాడు. లోపల నిప్పు లేచిందట. గోడ కడుతుంటే పొగ వీళ్ల మీదికే తిరిగిందట. లింగయ్య బురద తట్టతో గోడకు అవతల, నిప్పు వైపే ఉండిపోయాడు. పిలిస్తే పలకలేదు. మిగతా మనుషులు బతకాలని గోడ మూసేశారు. ఏ రోజని అడిగాను. నేను గోడ మెత్తిన రోజే.

కులపెద్దలు దర్భలతో బొమ్మ చేసి కర్మ జరిపిద్దామన్నారు. అత్తమ్మ గుమ్మానికి అడ్డంగా కూర్చుంది. "నా కొడుకు సచ్చింది మీరు సూసిన్రా? సూడంది దీని గాజులెట్ల తీపిస్తరు?" అంది. వాళ్లు లేచిపోయారు.

ఆ తరువాత నన్ను పేరంటానికి పిలిచినవాళ్లు లేరు, పట్టుకుని ఏడ్చినవాళ్లూ లేరు. నేను వెళితే బావి దగ్గర మాటలు ఆగిపోయేవి. వంటకు కూర్చుంటే ఆయన వంతు బియ్యం పోయాలో వద్దో తెలిసేది కాదు. మధ్యలో యాదగిరి ఒకసారి కబురు పంపాడు. బాయిలో కట్టిన ఆ గోడలో పెట్టిన ఇనుప గొట్టం మూత తీసి లోపలి గాలి చూస్తున్నారట, నిప్పు ఇంకా చావలేదట. నిప్పు బతికే ఉందంటే నాకెందుకో ధైర్యంగా ఉండేది.

రజాకార్ల పీడ పోయాక, చలికాలంలో బాయిలో ఆ గోడ విప్పారు. యాదగిరి వచ్చి గుమ్మం బయటే నిలబడ్డాడు. ఆయన గోడ మొదట్లోనే దొరికాడట.

"వదినె, బయట దిక్కు మేం మెత్తినం. లోపలి దిక్కు గూడ మెత్తి ఉంది. చేతి ఏళ్ల గుర్తులున్నయి" అన్నాడు.

"ఎంతసేపు బతికున్నడు బిడ్డా?" అని అత్తమ్మ అడిగింది.

ఆ సాయంత్రం నా గాజులు ఎవరినీ పగలగొట్టనివ్వలేదు అత్తమ్మ. నా చేతులకు నూనె రాసి, ఒక్కొక్కటే తీసింది.

ఆ ఊక ఎలా మాడిందని చాలామందిని అడిగాను. మట్టిలో సున్నం కలిసి ఉంటుందన్నారు ఒకరు. మిగతా గోడంతా అదే మట్టి, దానికేమీ కాలేదు. అది ఆయన పిలుపే అయితే, నేను దాని మీద మట్టి మెత్తి మూశాను. పిలుపు కాకపోతే అదేమిటో నాకు ఇప్పటికీ తెలియదు.