ఖాళీ సిలిండర్లు దాచనన్నాను

1984లో గాజువాక దగ్గర, ఉక్కు కర్మాగారానికి కాలమ్‌లు, గర్డర్లు తయారుచేసే ఒక యార్డులో నేను కొనుగోళ్లు చూసేవాణ్ణి. డిప్లొమా ముగించి కొత్తగా చేరాను. దళసరి ఇనుప ప్లేట్లను గ్యాస్ కటింగ్‌తో కోస్తారు. దానికి ఆక్సిజన్ సిలిండర్లు కావాలి. సరఫరాదారు ఒక్కడే. అతని లారీ చెప్పిన రోజున వస్తే మాకు పండగే.

గోడ అవతల మరో యార్డు. అక్కడ నా పనే చేసే అప్పారావుది సబ్బవరం. ఒకే టెండర్లకూ, ఒకే లారీకీ ఇద్దరం పోటీ. లారీ రాదన్న భయంతో ఇద్దరం చేసినవి ఇవి: అవసరానికి రెట్టింపు సిలిండర్లు కావాలని ఇండెంట్ రాయడం, డ్రైవరుకు టిఫిన్ పెట్టి లారీని ముందు మన గేటుకి తిప్పుకోవడం, ఖాళీ సిలిండర్లు కూడా షెడ్డులో దాచడం. ఖాళీ ఇచ్చినవాడికే నిండుది ఇస్తారు మరి. లారీ వచ్చినప్పుడు చేతిలో ఖాళీలుండాలి.

ఒకసారి లారీ ఎంతకీ రాలేదు. గొడవ పెట్టుకుందామని గ్యాసు నింపే చోటికే వెళ్లాను. ప్లాట్‌ఫాం బోసిగా ఉంది.

"లారీ చెడిపోతే నా తప్పు బాబూ, కాదనను," అన్నాడు మేనేజరు. "సిలిండర్లన్నీ మీ షెడ్లలో పెట్టుకుంటే గ్యాసు దేన్లో పట్టమంటారు? నా జేబులోనా?"

నేనొక్కణ్ణే తిరిగిస్తే, అవి నిండి, చేతిలో ఇంకా ఖాళీలున్న అప్పారావు గేటుకి పోతాయి. ఇవ్వాలంటే ఇద్దరమూ ఇవ్వాలి. ఆ మాటే మా ఓనరుకి చెప్పాను.

"పోటీవాడితో పొత్తా? కటింగ్ ఒక్క పూట ఆగినా నీ ఉద్యోగం ఉండదు."

"ఆగితే నేనే పోతానండి. దాచడం మాత్రం ఇక నా వల్ల కాదు."

సాయంత్రం పక్క యార్డుకి వెళ్లాను.

"ఏటి బావ, దారి తప్పేవేటి?" అన్నాడు అప్పారావు.

"ఖాళీలెన్ని దాసేవు?"

"నువ్వు సెప్పు ముందు."

"షెడ్డు తలుపు పడట్లేదు."

నవ్వేశాడు. "మాదీ అంతే. ఇచ్చీసినాక లారీ నీకాడే ఆగిపోతే, నాను నోటితో ఊదుకుంటా కూకోవాలేటి?"

"మాకొస్తే నీకు సర్దుతాను. నీకొస్తే నాకు సర్దు. ఇండెంట్లు నిజం రాద్దాం."

"మీ ఓనరు ఒప్పుకున్నాడా?"

"లేదు."

"మావోడూ ఒప్పుకోడు. అయితే సేసీద్దాం."

మర్నాడు లారీ రాగానే రెండు షెడ్లలోని ఖాళీలన్నీ ఎక్కించాం. నిండినవి మొదటి ట్రిప్పులో అప్పారావుకి దిగాయి. మాకు రావాల్సిన రెండో ట్రిప్పులో లారీ యాక్సిల్ దారిలోనే విరిగింది. మా ఆఖరి సిలిండర్ మీద గేజు ముల్లు దిగిపోతోంది. ఓనరు వచ్చి నా పక్కన నిలబడ్డాడు.

"ఆగిపోగానే చెప్పు. లెక్క చూసి పంపించేస్తా."

గేటు దగ్గర ఇనుము గరగరమంది. అప్పారావు, ఇద్దరు కూలీలు సిలిండర్లను ఓరగా వాల్చి, అడుగు అంచు మీద దొర్లించుకుంటూ వస్తున్నారు.

"తొరగా దించుకో బావ. మావోడు అక్కడ తిడతన్నాడు."

కటింగ్ ఆగలేదు.

తర్వాతి టెండర్లో అప్పారావు వాళ్లు మాకంటే తక్కువ కోట్ చేసి పని పట్టుకుపోయారు. ఓనరు నా మీదికొచ్చాడు.

"ఇంకా వాళ్లకి సిలిండర్లిస్తావా?"

"ఇస్తానండి. వచ్చే టెండర్లో వాళ్లని కొడతాను కూడా."

ఏ సరఫరాదారు లారీ అయినా ఇప్పటికీ చెడిపోతూనే ఉంటుంది. దాన్ని నేను బాగుచెయ్యలేను. కానీ ఆ కొరతలో మా షెడ్డు తాళం వాటా ఎంతో కళ్లారా చూశాను. అందుకే ఆ తర్వాత ఏ యార్డులో చేరినా ఖాళీ అయిన సిలిండర్‌ని వెంటనే వెనక్కి పంపుతాను. వద్దనే ఓనరు ఇంకో మనిషిని చూసుకోవచ్చు.