ఓటు వేయని ఆదివారం

అమెరికాలో ఫ్యాక్టరీలు ఎందుకు పోయాయో తలా ఒక వంట తెచ్చుకునే మా తెలుగువాళ్ళ పాట్‌లక్‌లలో అందరికీ తెలుసు. యూనియన్ల వల్ల పోయాయి. ఈ మాట చెప్పేవాళ్ళలో ఒక్కరూ ఫ్యాక్టరీ గడప తొక్కి ఉండరు. బిర్యానీ ప్లేటు ఒళ్ళో పెట్టుకుని, సోఫాలో వెనక్కి వాలి, కార్ల ఫ్యాక్టరీల ఊరు డెట్రాయిట్ ఎలా మునిగిందో దగ్గరుండి చూసినట్టు చెబుతారు. నేను పెరుగుపచ్చడి వడ్డిస్తూ వింటాను. ఒళ్ళు మండుతుంది, కానీ నోరు మెదపను. మాట్లాడితే నేను చేసిన పని కూడా చెప్పాల్సి వస్తుంది.

అరోరా అనే ఊళ్ళో ఒక వైర్ల ఫ్యాక్టరీలో దాదాపు ఆరేళ్ళు పనిచేశాను. ట్రక్కుల్లో, ట్రాక్టర్లలో పైకి కనపడకుండా ఉండే వైర్ల కట్టలను అక్కడ చేత్తో తయారుచేసేవాళ్ళం. మనిషంత పొడవున్న చెక్క బోర్డు, దాని నిండా మేకులు. రంగురంగుల వైర్లను ఆ మేకుల మధ్య నుంచి లాగి, చివర్లకు ప్లగ్గులు తొడిగి, టేపు చుట్టాలి. రోజంతా నిలబడి చేసే ఉద్యోగం. మా ఆయన సాఫ్ట్‌వేరే గానీ, లేఆఫ్ అయ్యాక చిన్న చిన్న కాంట్రాక్టుల మీద పడ్డాడు. వాటికి ఇన్సూరెన్స్ ఉండదు. ఇద్దరు పిల్లల పళ్ళూ కళ్ళూ జ్వరాలూ అన్నీ నా వైర్ల ఉద్యోగం మీదే నడిచేవి. స్నేహితులకు మాత్రం మా ఆయన నేను ఎలక్ట్రానిక్స్‌లో ఉన్నానని చెప్పేవాడు.

నాకు పని నేర్పింది ఒక అక్క. కాకినాడ వైపు మనిషి, ఆదివారం తెలుగు చర్చి తప్పనివ్వదు. అన్న పెట్టిన వీసా పిటిషన్ మీద అమెరికా వచ్చి, పద్నాలుగేళ్ళుగా ఆ బోర్డుల దగ్గరే నిలబడింది. ఇంగ్లీషు అంతంత మాత్రం, కారు నడపడం రాదు. వైర్ల వరస మాత్రం డ్రాయింగ్ వంక చూడకుండా కట్టేసేది. మా ఇళ్ళు దగ్గరే కాబట్టి రోజూ నా కార్‌లోనే వచ్చి వెళ్ళేది. పెట్రోలుకు డబ్బులివ్వబోతే నేను తీసుకోలేదు. అందుకని శుక్రవారం శుక్రవారం రొయ్యల కూర తెచ్చి సీటు మీద పెట్టేది.

ఒక చలికాలం మొదట్లో ఆమె భర్తకు పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చాక చేతికీ కాలికీ కసరత్తు చేయించడానికి వారానికి మూడుసార్లు థెరపిస్ట్ వచ్చేది. అదంతా అక్క ఇన్సూరెన్స్ మీద. కదలిక ఏడాది, ఏడాదిన్నర లోపల ఎంత వస్తే అంతేననీ, ఆ తర్వాత రావడం కష్టమనీ థెరపిస్ట్ ముందే చెప్పింది. ఫిబ్రవరికి ఆయన కుడి చేత్తో స్పూను పట్టుకోగలిగారు. ఆ సంగతి అక్క నాకు కార్‌లో చెబుతూ ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఆ ఏడుపు నిజమైనదే. ఈ మాట ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత నేను చేసింది చూసి అదీ నటనే అనుకుంటారేమోనని.

అదే నెలలో కంపెనీ కొత్త కాంట్రాక్టు తెచ్చి యూనియన్ ముందు పెట్టింది. సంతకం పెట్టకపోతే పనంతా మెక్సికో పంపేస్తామంది. అందులో అసలైన ముక్క ఒకటే. అప్పటిదాకా మనుషుల్ని తీసేయాల్సి వస్తే, చివర చేరినవాళ్ళని ముందు తీసేవాళ్ళు. ఇకమీదట ఎవర్ని తీయాలో మేనేజ్‌మెంట్ ఇష్టం. మా స్టీవార్డ్, అంటే మా తరఫున కంపెనీతో మాట్లాడే మనిషి, ముప్పై ఏళ్ళ సర్వీసున్న తెల్లాయన. లంచ్ బ్రేక్‌లో బల్ల బల్ల దగ్గరికీ వచ్చి ఓపిగ్గా చెప్పాడు. ఇది ఒప్పుకుంటే జీతం ఎక్కువున్న పాతవాళ్ళు ముందు పోతారు, ఒప్పుకున్నంత మాత్రాన కంపెనీ ఇక్కడ ఉంటుందన్న పూచీ కాగితంలో ఎక్కడా లేదు, అన్నాడు. అతను చెప్పిన రెండు మాటలూ నిజమయ్యాయి.

పనికి వచ్చే పోయే వేళలు కొట్టే గడియారం మెషిన్ పక్కన సీనియారిటీ లిస్టు అంటించి ఉండేది. అక్క పేరు పై నుంచి తొమ్మిదోది. నాది కింది నుంచి మూడోది, నా తర్వాత చేరింది ఇద్దరే.

ఈ కాంట్రాక్టు మీద ఓటింగ్ మార్చి నెల ఒక ఆదివారం, యూనియన్ హాల్లో, పదకొండు నుంచి రెండు దాకా అని నోటీసు వచ్చింది. అదే ఆదివారం మా ప్రొడక్షన్ మేనేజర్ గారి అమ్మాయి ఓణీల ఫంక్షన్. ఆయనా తెలుగాయనే. మా లైనులో ఉన్న పది పన్నెండు మంది తెలుగు ఆడవాళ్ళలో సగం మందికి ఉద్యోగం ఇప్పించింది ఆయనే. కావాలని పెట్టుకున్న తేదీ కాదు. ముహూర్తం, పక్క ఊరు నేపర్‌విల్‌లో హాలు, అన్నీ అంతకు నాలుగు నెలల ముందే బుక్ చేశారు. ఆయన భార్య ఇంటింటికీ వచ్చి మాకు బొట్టు పెట్టి పిలిచింది. అక్క దగ్గర బొట్టు పెట్టకుండా, కార్డు రెండు చేతులా ఇచ్చింది.

"మీరు తప్పకుండా రావాలండీ."

"ఆ రోజు చర్చి ఉందండీ. తర్వాత వోటుకెళ్ళాలి. పాపని దేవుడు దీవించాలి," అంది అక్క. ముఖం మీద అలా చెప్పగలిగింది మా అందరిలో ఆమె ఒక్కతే.

అక్కకు చర్చి పన్నెండున్నరకు అయిపోతుంది. అక్కడి నుంచి యూనియన్ హాలు అరగంట.

"నేను ఫంక్షన్‌లో అటెండెన్స్ వేయించుకుని ఒంటిగంటకల్లా చర్చి దగ్గరకొస్తానక్కా. ఇద్దరం కలిసి వెళ్దాం," అన్నాను.

"లేటవదు కదమ్మా? కాకపోతే చర్చిలో ఎవర్నన్నా అడుగుతాను."

"ఎందుకక్కా వాళ్ళని అడగడం? నేనున్నాను కదా."

ఫంక్షన్ ఘనంగా జరిగింది. పన్నెండుకే భోజనాలు పెట్టారు. మా లైను వాళ్ళందరం ఒకే బల్ల దగ్గర కూర్చున్నాం. పట్టుచీరల్లో ఒకరినొకరు గుర్తుపట్టుకోవడానికే కాసేపు పట్టింది. మేనేజర్ గారు పట్టుపంచె కట్టుకుని తానే వచ్చి పులిహోర వడ్డించారు. మా పిల్లల చదువులు అడిగారు. ఓటు మాట ఆయన ఎత్తలేదు. ఒక్క ముక్క ఎత్తి ఉంటే మాకు పౌరుషం వచ్చి లేచిపోయేవాళ్ళమేమో. ఒకామె వాచీ చూసి, "మనం వోటుకి వెళ్ళాలి కదా," అంది. ఇంకొకామె, "తిన్న వెంటనే లేచిపోతే ఏం బాగుంటది? సార్ ఏమనుకుంటరు?" అంది. అంతే, మళ్ళీ ఎవరూ ఆ మాట అనలేదు. ఐస్‌క్రీం వచ్చింది. ఫోటోలకు పిలిచారు. ఓటు పోగొట్టుకోవడానికి మా వాళ్ళను ఎవరూ బెదిరించక్కర్లేదు, ఇంకో గరిటె వడ్డిస్తే చాలు.

మిగతావాళ్ళది మొహమాటమే, ఒప్పుకుంటాను. నాది కాదు. పన్నెండూ ముప్పావుకే నా ప్లేటు ఖాళీ. కారు తాళాలు చేతిలో ఉన్నాయి. లేచి దండం పెట్టి వెళ్ళిపోతే ఎవరూ ఆపరు. కానీ ఆ వారమంతా నేను గడియారం పక్కనున్న లిస్టునే చూస్తూ వచ్చాను. పాత పద్ధతి ఉంటే, రేపు ఎవర్నైనా తీసేస్తే ముందు పోయేది నేను. కొత్తది వస్తే నా జీతం తక్కువ, వయసు తక్కువ, పైగా సార్‌కు తెలిసినదాన్ని, నన్ను ఉంచుతారు. అక్క ఓటు పడితే పాత పద్ధతికే పడుతుంది. ఇవన్నీ లెక్కేసుకుని, ఫోను సైలెంట్‌లో పెట్టి బ్యాగులో వేసి, ఎవరో పెళ్ళి సంబంధం కబుర్లు చెబుతుంటే శ్రద్ధగా విన్నాను.

రెండూ పదికి చర్చి దగ్గరికి వెళ్ళాను. పార్కింగ్ లాట్‌లో ఒక్క కారు లేదు. గాలి కోస్తోంది. అక్క మెట్ల మీద శాలువా కప్పుకుని, ఒళ్ళో బైబిలు, చేతిలో యూనియన్ కార్డు పెట్టుకుని కూర్చుంది. ఏడుసార్లు ఫోను చేసిందని తర్వాత చూసుకున్నాను.

"భోజనాలు లేటయ్యాయక్కా. మధ్యలో లేవలేకపోయాను," అన్నాను.

"పోన్లేమ్మా. ఫంక్షన్ బాగా జరిగిందా?" అంది కార్ ఎక్కుతూ.

కొత్త కాంట్రాక్టు గెలిచింది. ఫంక్షన్‌లో పులిహోర తిన్న మా బల్ల వాళ్ళం వెళ్ళి వద్దని వేసి ఉంటే గెలిచేది కాదు, తేడా అంత తక్కువ. మే నెలలో పదిహేడు మందిని తీసేశారు, అందరూ లిస్టులో పైన ఉన్నవాళ్ళే. అక్కకు కాగితం ఇచ్చేటప్పుడు ఆఫీసు వాళ్ళు నన్నే పక్కన నిలబెట్టి తెలుగులో చెప్పమన్నారు. చెప్పాను. మర్నాటి నుంచి ఆమె బోర్డు నాకిచ్చారు. ఉద్యోగంతో పాటు ఇన్సూరెన్సూ పోయి, థెరపిస్ట్ రావడం జూన్‌లో ఆగిపోయింది.

మరో ఏడాదిన్నరకు ఫ్యాక్టరీ మొత్తం మూసేశారు. మేమే మా బోర్డులకు బబుల్ ర్యాప్ చుట్టి మెక్సికో ట్రక్కుల్లోకి ఎక్కించాం. మేనేజర్ గారి ఉద్యోగమూ పోయింది. ఇల్లు అమ్ముకుని టెక్సస్ వెళ్ళిపోయారు. యూనియన్ ఉన్నా పోయేదే, లేకపోయినా పోయేదే కదా అని మా ఆయన నన్ను ఓదార్చాడు. కావచ్చు. ఆ ఓటు ఫ్యాక్టరీని నిలబెట్టేది కాదని నాకూ తెలుసు. కానీ పాత పద్ధతి ఉంటే అక్క ఆ ఏడాదిన్నరా పనిలో ఉండేది. థెరపిస్ట్ చెప్పిన గడువంతా అందులోనే గడిచిపోయేది. పోయే ఉద్యోగాలు ఎలాగూ పోయాయి, ఎవరివి ముందు పోవాలో మాత్రం నేను కుర్చీలో కూర్చుని తేల్చాను.

మూసేసిన వారానికి అక్క ఇంటికి వెళ్ళాను. ఆమె ఒక గ్రోసరీలో కూరలు తరిగే పనిలో ఉంది, ఇన్సూరెన్స్ లేదు. ఆయన కుర్చీలో ఉన్నారు, కుడి చెయ్యి దిండు మీద పెట్టి ఉంది. వేళ్ళు బిగుసుకుపోయి లోపలికి ముడుచుకున్నాయి. అక్క ఆయనకు అన్నం కలిపి తినిపిస్తోంది.

ఇక దాచలేకపోయాను. "అక్కా, ఆ రోజు భోజనాలు లేటవలేదు. నేనే కావాలని రాలేదు. పాత రూల్ ఉంటే నా జాబ్ పోతుందని," అన్నాను.

ఆమె చెయ్యి ఆగలేదు. ఆయన నోటికి ముద్ద అందించి, మూతి తుడిచింది. కోపంగా అన్నా, తిట్టినా భరించేదాన్ని. ఆమె నిజంగా తెలియక అడిగినట్టు అడిగింది.

"మరి రానని ఒక్క ఫోన్ చేసుంటే ఇంకెవర్నన్నా అడుక్కుని వెళ్ళేదాన్ని కదమ్మా?"